పాల వరస

“పాలు కుదరవండీ. రక్తమైనా ఉండాలి, పెళ్ళైనా అయ్యుండాలి,” అన్నాడు నిదాల్, కాగితాలు జుహైర్ వైపు వెనక్కి జరుపుతూ.

జుహైర్‌కి బొత్తిగా అర్థం కాలేదు. ఇర్బిద్ పట్నంలో అతను పనిచేసే మందుల ఫ్యాక్టరీ వాళ్ళు చేయించిన ఆరోగ్య బీమా అది. అతని కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. డయాలిసిస్ మీద ఎంతోకాలం నెట్టుకురాలేవు, మార్పిడి తొందరగా చేయించుకో అన్నారు డాక్టర్లు. పక్కింటి దర్జీ కూతురు విసాల్ తనంతట తానే వచ్చి కిడ్నీ ఇస్తానంది. అన్ని పరీక్షల్లోనూ సరిపోయింది. తీరా ఇక్కడికొస్తే, ఇచ్చేది రక్తసంబంధీకులో, భార్యో భర్తో అయితేనే ఆపరేషన్ ఖర్చు మా కంపెనీ భరిస్తుందని మెలిక పెట్టాడు ఈ బీమా ఆఫీసు కుర్రాడు నిదాల్.

“ఈమె నా చెల్లెలే అంటున్నాను కదయ్యా! వాళ్ళమ్మకి పురిట్లో జ్వరం వస్తే మా అమ్మే పాలిచ్చింది. ఒక తల్లి పాలు తాగినవాళ్ళం మన మతంలో తోబుట్టువులమే కదా. ఆ మాత్రం నీకు తెలీదా?”

“నాకు తెలుసు. కంప్యూటర్‌కి తెలీదు. అందులో తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, తోబుట్టువులున్నారు. పాల చుట్టరికానికి చోటు లేదు. పోనీ మీరిద్దరూ మొగుడూ పెళ్ళాలైనా అయ్యుంటే ఈ క్షణాన ముద్ర వేసి పంపేద్దును.”

“తౌబా, తౌబా. చెల్లెల్ని ఎవడైనా చేసుకుంటాడా?”

“చేసుకోకూడదు. నిజమే.”

“అంటే పెళ్ళి దగ్గర చెల్లెలూ, కిడ్నీ దగ్గర పరాయిదీనా?”

నిదాల్ బుర్ర గోక్కున్నాడు. అతనికీ తల తిరిగినట్టే ఉంది. విసాల్ మాత్రం నవ్వింది.

“ఏదో ఒకటి తేల్చు బాబూ. ఈ మనిషికి నేనేమవుతానో తేలకుండానే నాకు జుట్టు నెరిసిపోయింది.”

ఆమె నవ్వులాటకే అన్నా జుహైర్‌కి గుండెలో కలుక్కుమంది. వయసులో ఉన్నప్పుడు విసాల్‌ని చేసుకుంటానని అతను ఇంట్లో అడిగాడు. అప్పుడే తల్లి ఈ పాల సంగతి చెప్పింది. ఇక ఆ మాట ఎత్తడానికి లేకపోయింది. తరవాత అతనూ ఎవరినీ చేసుకోలేదు, ఆమె కూడా ఎవరినీ చేసుకోలేదు.

ఆ తల్లి, హజ్ చేసొచ్చి హాజ్జా అనిపించుకున్న ఫిద్దా, గోడ పక్క కుర్చీలో కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుకుంటోంది. తన కిడ్నీయే ఇద్దునని ఆవిడ ఎంత ఏడ్చినా, షుగర్ ఉంది కాబట్టి పనికిరాదన్నారు. సాక్ష్యం చెప్పడానికి రమ్మంటే మాత్రం మోకాళ్ళ నొప్పులంది, ఎండంది. జుహైర్ బతిమాలి బతిమాలి తీసుకొచ్చాడు.

నిదాల్ ఆవిడ వైపు తిరిగాడు. “హాజ్జా, ఈమెకి మీరు పాలిచ్చారా?”

“దర్జీవాళ్ళ పిల్లకా? ఎప్పటి మాటో నాయనా. ఎవరికి గుర్తు?”

జుహైర్ తెల్లబోయాడు. ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో మన్సఫ్ అన్నంలో మాంసం ఉడకలేదని ఈరోజుకీ దెప్పే మనిషి, బిడ్డకి పాలిచ్చిన సంగతి మరిచిపోతుందా?

ఏమనుకున్నాడో ఏమో, నిదాల్ లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది, చేతిలో ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన ఖురాన్ ఉంది. మేనేజరుగారు నమాజు తప్పని మనిషి అన్నాడు. పాలిచ్చానని తల్లి ఖురాన్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తే చెల్లెలనే రాసేస్తారట, పైవాళ్ళు అడిగితే తానే జవాబు చెప్పుకుంటారట.

జుహైర్‌కి కళ్ళు చెమర్చాయి. బతుకుతానన్న ఆశ చాలా రోజుల తరవాత మళ్ళీ కలిగింది. “అమ్మా, రా. చెయ్యి వెయ్యి,” అన్నాడు.

హాజ్జా చెయ్యి చటుక్కున దుపట్టాలోకి లాక్కుంది. “ఇంటికి పోదాం పదరా,” అంది.

జుహైర్ అయోమయంగా చూశాడు. అమ్మకి మతి తప్పిందా? ఒట్టు వేయడానికి భయమా? ఉన్నమాట చెప్పడానికి భయం దేనికి? తనమీద ఏమైనా కోపమా? ఎటు ఆలోచించినా ఏమీ తోచలేదు.

“ఒక్క మాటమ్మా. నేను బతకడం నీకు ఇష్టం లేదా?”

ఆవిడ కొడుకు మొహం చూసింది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన అతని చేతిని చూసింది. తరవాత విసాల్‌ని చూసింది. విసాల్ ఇప్పుడు నవ్వడం లేదు, ఆవిడనే రెప్పవేయకుండా చూస్తోంది. హాజ్జా మెల్లిగా లేచి బల్ల దగ్గరికొచ్చింది. చెయ్యి బయటికి తీసింది. నిదాల్ గుడ్డ విప్పి ఖురాన్ ముందుకు పట్టుకున్నాడు.

ఆ చెయ్యి దానిమీద వాలలేదు, గాలిలోనే ఆగిపోయింది.

“అది లోపల భద్రంగా పెట్టెయ్ నాయనా,” అంది హాజ్జా. “వెళ్ళి నిఖా చదివే షేక్‌ని పిలుచుకురా. ఈ పిల్ల నా పాలు ఒక్క చుక్క కూడా తాగలేదు.”