కడుపు కింద వేడి

తప్పు ఒప్పుకోవడం ఒక్కటి తప్ప తన భర్త ఫ్రాన్సిస్ అన్ని పనులకూ పనికొస్తాడని సుశీల ఎవరి ముందైనా చెబుతుంది. అతను వండిన కూరలో ఉప్పెక్కువైనా, అతని లెక్కలో తప్పు ఉప్పుదే.

ఈ ఉదయం తప్పు బల్లిది.

కూతురు కీర్తన ప్రాణంగా పెంచుకుంటున్న చుక్కల బల్లి రెండు రోజులుగా పురుగు ముట్టలేదు. గాజుపెట్టెలోంచి తీసి తిప్పి చూస్తే కడుపు కింద ఎర్రగా కమిలి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని కీర్తన మంచం అంచున కూర్చుంది. ఇంటర్ చదివే పిల్ల, ఏడుపు కూడా చప్పుడు కాకుండా ఏడుస్తోంది.

చలికాలంలో పెట్టెకు పైనుంచి బల్బు పెట్టి, వేడి మించితే దానంతటదే ఆగిపోయేలా థర్మోస్టాట్ బిగించమని బల్లిని అమ్మిన ఓంప్రకాశ్ ముందే చెప్పాడు. తన నడుం నొప్పికి కాపడం పెట్టుకునే కరెంటు ప్యాడ్ ఇంట్లో ఉండగా అవన్నీ దేనికని, ఫ్రాన్సిస్ దాన్నే ఇసుక కింద పరిచాడు.

సుశీల ఓంప్రకాశ్‌కు ఫోన్ చేసింది. కడుపు కింది వేడి బల్లికి సరిగా తెలియదని, కాలుతున్నా అక్కడే పడుకుంటుందని, వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమని అతను చెప్పాడు.

"కాలుతాంటే లేవని జీవి ఉంటదా? దానికేదో రోగమొచ్చింది. మీరు ప్యాడ్ మీద పడ్డరు" అన్నాడు ఫ్రాన్సిస్.

"జర ఒక్కసారన్న ఒప్పుకో, కీర్తన డాడీ. పిల్ల మొఖం చూడు."

"నాకు కాలితే ఒప్పుకుంట."

ప్యాడ్‌ను కుర్చీ ముందు పరిచి స్విచ్ వేశాడు. సాక్సు విప్పి ఎడమ అరికాలు దాని మీద ఆనించి పేపరు తెరిచాడు. షుగరున్న మనిషివి, ఈ పంతాలేంటని సుశీల చెప్పి చూసింది. పేపరు పేజీ తిరిగింది తప్ప కాలు కదల్లేదు.

తల్లీ కూతుళ్లు బల్లిని అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద పడుకోబెట్టి, బట్టలు మార్చుకుని వచ్చేసరికి అరగంటయింది.

"చూసిండ్రా? ఎచ్చగ, హాయిగుంది" అంటూ ఫ్రాన్సిస్ గెలిచినవాడిలా లేచి రెండడుగులు వేశాడు.

కీర్తన నేల వైపు చూసింది. "డాడీ, నీ కాలు."

తెల్లటి టైల్స్ మీద తడి అడుగు ఒకటి పడింది. ఫ్రాన్సిస్ కూర్చుని కాలు తిప్పి చూసుకున్నాడు. అరికాలంతా బొబ్బలెక్కి, మడమ దగ్గర చిట్లి నీరు కారుతోంది. బొటనవేలితో అక్కడ నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

తప్పు ప్యాడ్‌దని అంటాడేమోనని సుశీల ఎదురుచూసింది. కనీసం అలా అన్నా బాగుండుననిపించింది.

"తప్పు నాదే, సుశీలా" అన్నాడు ఫ్రాన్సిస్ తల ఎత్తకుండా. "ఆర్నెల్ల సంది ఈ కాలు నాకు తెలుస్తలేదు. డాక్టరు సూదితోని గుచ్చి అడిగినప్పుడల్ల, తెలుస్తాందనే చెప్పిన."