గద్దలు పడుకునే చోటు

నగలు దొంగిలించినవాళ్లున్నారు, గొడ్లను తోలుకుపోయినవాళ్లున్నారు. గద్దలు కక్కిన ఉండల్ని దొంగిలించిన ఘనత మాత్రం అల్లుడుగారిదే. అదీ తన పొలంలోంచే.

యాభై దాటినా ఆయన అందరికీ అల్లుడుగారే. మామగారు పోతూ పోతూ తన గడ్డిభూమిని కూతురికీ కొడుక్కీ చెరిసగం రాసిపోయారు. మధ్యలో మోకాలెత్తు గట్టు. ఇటువైపు ముక్క భార్యది, అంటే అల్లుడుగారిదే. అటువైపు ముక్క బావమరిదిది. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ బతికే ఆ బావమరిది నోట్లో వేలు పెట్టినా కొరకలేడని ఆయన నమ్మకం.

గోదాములు కట్టే కంపెనీ ఒకటి వచ్చి, రెండిట్లో ఏదో ఒక ముక్క చాలంది. అల్లుడుగారు అప్పుడే మనసులో పొలం అమ్మేసి, కట్టబోయే కొత్త ఇంటికి గుమ్మాలు కూడా ఎంచుకున్నారు. అంతలో దాపురించింది ప్రభుత్వంవారి గద్దల రక్షణ ప్రణాళిక. చలికాలంలో వచ్చే పిల్లిగద్దలు చెట్టెక్కవట, గడ్డిలో నేలమీదే పడుకుంటాయట. అవి పడుకునే పొలం చుట్టూ గీత గీస్తారట. గీత లోపల పంట వేసుకోవచ్చు, పశువుల్ని మేపుకోవచ్చు, ఇటుక మీద ఇటుక మాత్రం పెట్టకూడదు. మనుషులు ఇళ్లు లేక ఏడుస్తుంటే పక్షులకు పడకగదులా అని అల్లుడుగారు మండిపడ్డారు. ఆయనకప్పటికే రెండిళ్లున్నాయి, అది వేరే సంగతి.

సర్వేకు వచ్చిన మేడం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అలికిడైతే పక్షులు దిగవు కాబట్టి, అవి అరగక కక్కిన ఉండల్ని బట్టే లెక్క కడతానని చెప్పింది. ఎలుక వెంట్రుకలు, మిడతల కాళ్లు ముద్దకట్టి ఒక్కో ఉండ బొటనవేలంత ఉంటుంది. మొదటి లెక్కలో అల్లుడుగారి పొలంలో నలభై ఆరు దొరికాయి. బావమరిది పొలంలో ఒక్కటీ లేదు. మరో రెండుసార్లు చూసి గీత గీస్తానని, ఉండల్ని ఉన్నచోటే వదిలి మేడం వెళ్లిపోయింది.

అల్లుడుగారికి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే, డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పి, చెప్పుల డబ్బా ఒకటి చంకన పెట్టుకుని పొలం వెళ్లారు. ఉండలన్నీ ఏరి, గట్టు దాటి, బావమరిది గడ్డిలో చల్లి వచ్చారు. తనది ఇతరులకు పంచిపెట్టడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

రెండోరోజు చూస్తే మళ్లీ పది. దిక్కుమాలిన పక్షులు, రాత్రంతా కక్కడమే పనిలా ఉందని తిట్టుకుంటూ వాటినీ మోశారు. మూడోరోజు ఇంకో ఎనిమిది. ఇలా రెండు నెలలు. పదేళ్లుగా ఎంత పోరినా మంచం దిగని మొగుడు పొద్దున్నే నడకకు పోతున్నాడని భార్య పొంగిపోయి, కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంది. ఆయన షుగరు కూడా తగ్గింది. నేరం ఒంటికి ఇంత మంచిదని ఏ డాక్టరూ చెప్పడు.

రెండో లెక్కలోనూ మూడో లెక్కలోనూ ఉండలన్నీ గట్టుకు అటువైపే దొరికాయి. అల్లుడుగారు లోపల చంకలు గుద్దుకుంటూ, పైకి మొహం వేలాడేసి బావమరిదిని ఓదార్చారు.

"పోనీలేరా, అవీ ప్రాణులే కదా. ఆ పుణ్యమేదో నీకే దక్కనీ."

బావమరిది తలవంచుకుని, అంతా మీ దయ బావా అన్నాడు.

గీత గీసే రోజున భార్యాభర్తల్నీ బావమరిదినీ ఆఫీసుకు పిలిచారు. మేడం బల్లమీద మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు బరువులు పెట్టింది.

"మొదటి లెక్కలో దొరికిన ప్రతి ఉండకీ అడుగున ఆవగింజంత నీలం చుక్క పెట్టాను," అంది. "చూసినవే మళ్లీ లెక్కపెట్టకుండా మేం ఎప్పుడూ చేసే పనే అది. ఆ నలభై ఆరూ ఇప్పుడు గట్టు అవతల ఉన్నాయి. ఉండలకు రెక్కలుండవు కదండీ. మీరు రోజూ పొద్దున్నే అటే నడకకు వెళ్తారట, మీ ఆవిడ చెప్పారు."

అల్లుడుగారు భార్యవైపు కొరకొరా చూశారు. సాక్ష్యం తారుమారు చేసినందుకు కేసు రాశారు. తారుమారు కాకముందు తీసిన లెక్కే అసలు లెక్క కాబట్టి, మేడం ఎర్ర పెన్సిలు తీసి అల్లుడుగారి పొలం చుట్టూ తీరిగ్గా గీత గీసింది. బయట వరండాలో కాచుకున్న గోదాముల కంపెనీ మనిషి అక్కడికక్కడే బావమరిదితో చేయి కలిపాడు. ఏడవాలో తిట్టాలో తెలియక, కనీసం ఆ పక్షులకైనా నిలవనీడ మిగిలిందిలెండి అంది భార్య.

మెట్ల దగ్గర అల్లుడుగారు కేసు కాగితం మడుచుకుంటూ ఆగారు. బావమరిది వచ్చి భుజం పట్టుకుని, జాగ్రత్తగా ఒక్కో మెట్టే దింపుతూ, అక్కకు వినబడకుండా చెవిలో చెప్పాడు.

"అవి పడుకునేది మొదట్నించీ మా గడ్డిలోనే బావా. మధ్యాహ్నం నేను ఏరి మీ పొలంలో చల్లడం, పొద్దున్నే మీరు తెచ్చి మళ్లీ మా పొలంలోనే పొయ్యడం, నడుము పడిపోయిందనుకోండి. నీలం చుక్కలున్నవి మాత్రం నేను ఒక్కటీ ముట్టుకోలేదు."