రాగిసరిలో వస

అత్త మీద పగ తీర్చుకోవడానికి మునీశ్వరి రాగులు కడిగింది.

నవ్వకండి. కత్తులు నూరే పగలు అందరికీ కుదరవు. పుంగనూరులో సరస్వతమ్మ లాంటి అత్త చేతికింద నాలుగేళ్లుగా బతుకుతున్న కోడలికి వంటిల్లే దిక్కు.

సరస్వతమ్మ నోరు ఎలాంటిదో ఆ వీధికంతా తెలుసు. పొద్దున కళ్లాపి చల్లేటప్పుడు మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు కూడా ఆగదు. కోడలు నడిస్తే తప్పు, నిలబడితే తప్పు. ఇంటికొచ్చిపోయే చుట్టాలకూ వాళ్ల వెనకాల తిట్లే. వద్దు మొర్రో అంటున్నా వినకుండా కొడుకు నాగేంద్ర ఈ పిల్లనే చేసుకున్నాడని ఆవిడ కడుపుమంట. నాగేంద్రకు కుప్పంలో ఉద్యోగం. ఆదివారాలు ఇంటికి వస్తాడు, మిగతా రోజులు వీడియో కాల్ చేస్తాడు. మునీశ్వరి అతనికి తల్లి మీద ఒక్క చాడీ చెప్పలేదు. అత్తకు ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అన్నీ కడుపులో దాచుకుంది.

తనను అన్నంతకాలం ఓర్చుకుంది. కూతురు రేష్మను అన్నరోజు మాత్రం రక్తం ఉడికిపోయింది.

పాపకు ఏడాదిన్నర. ఇంకా మాట రాలేదు. పక్కింటి బిడ్డ అత్తా, తాతా అని గుక్కతిప్పుకోకుండా వాగుతుంటే, ఈ బిడ్డ గుడ్లప్పగించి చూస్తుంది. ఆ రోజు సరస్వతమ్మ పాప గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది గూడా నీ మాదిరే ఉండాది. ఒకదాన్ని భరిస్తాండేది సాలదా నాకు? రెండేండ్లు నిండేలోగా దీనికి మాట రాకపోతే తల్లీబిడ్డా మీ వి.కోటకు పోండి. నా కొడుక్కి యాడన్నా వేరే సంబంధం సూస్తాను.”

ఊరికే అన్న మాట కాదు. మదనపల్లె టమాటా మండీలో పెద్దమనిషి అయిన తన అన్న ఈశ్వరప్పకు ఫోన్ చేసి, పాప పుట్టినరోజుకు వచ్చి ఏదో ఒకటి తేల్చిపొమ్మని చెప్పింది. తండ్రి లేని నాగేంద్రకు ఆ మేనమామ మాట వేదవాక్కు.

అందుకే రాగులు. మునీశ్వరి వాటిని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించింది. నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టి, పలచటి పాత చీర ముక్కలో వేసి జల్లించింది. ఆ పిండిని పాలల్లో కాచి చిటికెడు బెల్లం, చుక్క నెయ్యి వేస్తే రాగిసరి. వారానికోసారి అందులో వస కలిపేది. వసకొమ్మును దీపం మీద కాల్చి, సానరాయి మీద రెండంటే రెండు చుట్లు తిప్పితే వచ్చే గంధమంత. వస పోస్తే బిడ్డకు మాటలు త్వరగా వస్తాయని మనవాళ్ల నమ్మకం. వాగుడుకాయను చూసి ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా’ అని వెక్కిరించేది అందుకేగా.

మాటలు వస్తే చాలదు. ముసలిదాని చెంప ఛెళ్లుమనేలా రావాలి. ప్రతి చుట్టుకూ మునీశ్వరి అదే అనుకునేది.

అసలు తెలివి వసలో లేదు. ఆమె పాపకు వంటింట్లో తినిపించడం మానేసింది. అత్త ఎక్కడ కూర్చుని తిడుతుంటే అక్కడికే గిన్నె పట్టుకుని పోయేది. వసారాలో తిడితే వసారాలో, పెరట్లో తిడితే పెరట్లో. పాపను ఆవిడ ఎదురుగా కూర్చోబెట్టి తిట్టుకొక ముద్ద పెట్టేది. పాప అవ్వ నోటివంకే చూస్తూ మింగేది. సిగ్గులేక తిట్టించుకోవడానికి ఎదురొస్తోందని సరస్వతమ్మ ఇంకో నాలుగు తగిలించేది. తగిలించనీ, బాగా తగిలించనీ అనుకునేది మునీశ్వరి.

పుట్టినరోజు ఇంకో పది రోజులుందనగా, పెరట్లో బట్టలు ఉతుకుతుంటే వెనకనుంచి పిలుపు వినిపించింది.

“ఏమే.”

తిరిగి చూస్తే పాప. అమ్మా అని కాదు, ఏమే అని. నడుం మీద చెయ్యి పెట్టుకుని మరీ. మునీశ్వరి ఏడుస్తూ నవ్వుతూ తడిచేతులతోనే బిడ్డను ఎత్తుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. పాప కూడా అవ్వను చూస్తే భయపడి నోరు మూసుకునేది. పెరట్లో కోళ్లను మాత్రం ఒకటే శాపనార్థాలు.

ఆదివారం, పుట్టినరోజునాడు ఈశ్వరప్ప రానే వచ్చాడు. సరస్వతమ్మ అన్నకు పీట వేసి సంగటి, నాటుకోడి పులుసు కొసరి కొసరి వడ్డించింది. వడ్డిస్తూనే విషయం ఎత్తింది. ఇక ఈ బిడ్డకు నోరు రాదని, తల్లీబిడ్డలను పంపించేద్దామని, నువ్వు ఊ అంటే చాలని. నాగేంద్ర తల దించుకున్నాడు. మునీశ్వరి పాపకు సరి తినిపిస్తోంది.

“కావాలంటే నువ్వే సూడన్నా,” అని సరస్వతమ్మ మనవరాలి వైపు తిరిగి గొంతులో తేనె పోసింది. “ఏదీ తల్లీ, తాతా అను సూద్దాం.”

ఎన్నడూ లేనిది అవ్వ అంత ముద్దుగా పిలిచేసరికి పాపకు భయం పోయింది. నోట్లో ఉన్నది మింగింది. ఈశ్వరప్పను ఎగాదిగా చూసింది.

“ఏమే, మళ్లా వచ్చినాడు ముసిలోడు. కుండెడు సంగటి కెలుకు. మేసిపోతాడు.”

ఈశ్వరప్ప ముద్ద నోటిదాకా పోకుండానే ఆగిపోయింది.

“ఈ మాటలు బిడ్డకు ఎవురు నేర్పించినారు సరసా?”

పాలు విరిగినా, కరెంటు పోయినా కోడలి మీదికి తోయడం సరస్వతమ్మకు నాలుగేళ్ల అలవాటు. ఆలోచించకుండానే నోరు జారింది.

“ఇంకెవురన్నా, దీని తల్లే. ఒళ్లో కూసోబెట్టుకుని పొద్దస్తమానం ఇవే సెప్పిస్తాండాది.”

ఈశ్వరప్ప సంగటి ముద్దను తిరిగి కంచంలో పెట్టేసి, చెల్లెలి ముఖంలోకి చూస్తూ నిదానంగా అడిగాడు: “పుట్టుమూగ మాటలెట్ల నేర్పిస్తాదమ్మా?”