తొమ్మిదో పుక్కిలింత

ఇంట్లో అందరూ పిడుగని పిలిచే పిల్లకు చిగుళ్లు వాచి పన్నెండు రోజులైంది.

ఆ పన్నెండు రోజుల్లో ఆ ఇంటికి ఎనిమిది పుక్కిలింతలు వచ్చాయి. ఉప్పు నీళ్లు అత్తగారివి. లవంగాల కషాయం పక్కింటావిడది. జామాకులు మరిగించిన నీళ్లు బడిలో టీచరువి. కొబ్బరి నూనె సంగతి ఆడపడుచు ఫోన్లో చెప్పింది. ఉచిత సలహాలకు కొదవేముంది!

ఆరేళ్ల పిల్ల సగం ఉమ్మేది, సగం మింగేది. తల్లికి ప్రాణం విసిగిపోయింది.

తొమ్మిదోది మూలికల కొట్లో దొరుకుతుందంటే, పిల్లను లాక్కుంటూ వెళ్లింది.

"పిల్లల కోసమే చేసింది. అన్నీ ఆకులే," అన్నాడు కొట్టతను, సీసా బల్ల మీద పెడుతూ.

పక్కనే నిలబడ్డ ముసలావిడ వంగి పిల్ల నోట్లోకి చూసింది.

"వాచి ఎన్నాళ్లైందమ్మా?"

తల్లికి ఒళ్లు మండింది. "మీరు కూడానా! చెప్పండి, మీరేం పుక్కిలించమంటారు?"

"ఏమీ వద్దు." ఆవిడ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఈ కమిలిన మచ్చలేంటి?"

"ఎక్కడో తగిలించుకునుంటుంది. పిడుగని ఊరికే అంటామా?"

"ఈమధ్య ఆడుతోందా?"

పిల్ల బల్లకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

"ఇవాళే రక్తపరీక్ష చేయించు తల్లీ."

"చిగుళ్లు వాస్తే రక్తపరీక్షా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకండి. మీ పని మీరు చూసుకోండి!"

"నన్ను తిట్టుకో. పరీక్ష మాత్రం చేయించు."

కొట్టతను నుదురు కొట్టుకున్నాడు. "మళ్లీ మొదలెట్టావా పెద్దమ్మా? బేరం చెడగొట్టకు, వెళ్లు!"

తల్లి సీసా కొనుక్కుని విసవిసా వచ్చేసింది.

సాయంత్రం స్నానం చేయిస్తుంటే పిల్ల వీపు మీద, తొడల మీద కూడా నల్లగా కమిలి కనిపించింది. ఆమెకు ముసలావిడ మాట గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి పరుగెత్తింది.

"రక్త క్యాన్సర్," అన్నాడు డాక్టరు, పరీక్షల రిపోర్టులు చూసి.

తల్లి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"ధైర్యంగా ఉండండమ్మా. తొందరగా తీసుకొచ్చారు, నయమయ్యే అవకాశం బాగా ఉంది. ఇంతకీ మీకు అనుమానం ఎలా వచ్చింది?"

"మూలికల కొట్లో ఓ పెద్దావిడ చెప్పారు," అంది తల్లి.

నెల తర్వాత, మందులు పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పిన రోజు, ఆమె నేరుగా కొట్టుకు వెళ్లింది.

"ఆ పెద్దావిడ ఎక్కడుంటారు? ఆవిడ కాళ్లు పట్టుకోవాలి."

"ఆవిడా? రోజూ వచ్చి ఇక్కడే నిలబడేది. చిగుళ్లకి సీసా అడిగిన ప్రతి తల్లినీ పట్టుకుని పరీక్ష, పరీక్ష అని ప్రాణం తీసేది. విసుగెత్తి మళ్లీ గుమ్మం తొక్కొద్దన్నాను. ఊరు వదిలి వెళ్లిపోయిందట."

"ఆవిడేమైనా డాక్టరా? నర్సా?"

సీసాలు సర్దుతున్న కొట్టతను చెయ్యి ఆగింది.

"కాదమ్మా, ఈ సీసాకి నా మొదటి గిరాకీ ఆవిడే. రెండు నెలలు మనవడి చేత పుక్కిలింపజేసింది, ఆస్పత్రికి తీసుకెళ్లిన వారానికే పిల్లాడు పోయాడు."