జొన్నమడి గట్టు

బుధవారం సాయంత్రం కూడా ఒమన్‌లోని సలాలా శివారులో ఉన్న జొన్నమడికి జింకలు రాలేదు. వాటి మేతకే కంపెనీ ఆ మడి వేయించింది. కాపలాకు సమీయుల్లా ఒక్కడే ఉంటాడు.

"రేపూ రాకపోతే మడి ఎత్తేస్తారు. నిన్నూ ఇంటికి పంపేస్తారు," అన్నాడు సూపర్‌వైజర్ ఇమ్మానియేలు.

"నీళ్లు పెడ్తిని, ఎరువేస్తిని. ఇంకేం జేయాల సార్?"

"పొద్దుగూకాక ఏం చేస్తావ్?"

"ఈ గట్టుమీద కూచ్చొని మా ఆడమనిషితో ఫోన్లో మాట్లాడతా. సిగ్నల్ ఈడొక్కచోటే."

"అవి మేతకొచ్చేది పొద్దుగూకాకే కదయ్యా! నీ గొంతు వింటా వస్తాయా?"

సమీయుల్లా అక్కడినుంచే కడపకు ఫోన్ చేశాడు.

"రుబీనా, రేపట్నుంచి రాత్రిపూట చేయను."

"ఏం, ఇంకెవరన్నా వస్తాండారా ఆడికి?"

"జింకలు."

రుబీనా నవ్వింది. "పగలంతా నాకు మిల్లు పని. మళ్లెప్పుడు మాట్లాడతావ్?"

సమీయుల్లా ఫోన్ జేబులో పెట్టుకుని గట్టు దిగాడు.

గురువారం పొద్దుగూకాక రెండు జింకలు వచ్చి మేశాయి. సమీయుల్లా మడికి ఎదురుగా ఉన్న తన రూమ్ కిటికీలోంచి చూశాడు.