ఐపసి నెల మల్లెలు

“ఆ నాలుగు మొగ్గలూ చెట్టు మీదే ఉండనీ అత్తా. ఈ ఏటికి ఇవే ఆఖరు,” అంది వళ్ళి.

“చెట్టు మీద పెట్టుకోని ఏం చేస్తావే? రాలి మట్టిలో పడేటివే గదా. కోయి, చీక్రం! రైలుకు పొద్దయితా ఉండాది,” అంది అత్త వరదమ్మ, పూలబుట్ట ముందుకు తోస్తూ.

గుడియాత్తం అంగట్లో వారం రోజులుగా మల్లె అన్నది కంటికి కనబడటం లేదు. ఐపసి నెల, దీపావళి వానలు పట్టుకున్నాయి. ఉన్నవల్లా కనకాంబరాలు, వాటికి వాసనా పాడా? సాలెవీధి మొత్తానికి గుప్పెడు మల్లెలు మిగిలింది వళ్ళి పెరట్లోనే. కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటుకున్న చెట్టది. ఏటా ఈ రోజుల్లో ఆకు పసుపెక్కి, చివరి పూలు ఎర్రబారి ఒకటొకటే రాలుతుంటే ఆమెకు ఏడుపొచ్చేది. అందుకే ఆఖరి పూలు ఎప్పుడూ కోసేది కాదు. వాటంతట అవి రాలాల్సిందే.

“నీ మరిదికి పిల్లను కుదుర్చుకునే దినం,” అంది వరదమ్మ గొంతు తగ్గించి. “పూలు పెట్టేదానికి కనకాంబరాలు తీసుకోని పోతే పిల్ల తరపు తొరపాడోళ్ళు నవ్వరా? నువ్వు పెద్దకోడలివి. నీ చేత్తోనే పెట్టాల. నీ చెయ్యి మంచిది తల్లీ.”

తల్లీ! తొమ్మిదేళ్ళుగా ఆ నోటి వెంట ‘గొడ్రాలా’ అన్న పిలుపే గాని, వళ్ళి ఈ మాట వినడం ఇదే మొదలు. మనసు కరిగిపోయింది. మరిది జయరాములుకు పెళ్ళయి ఇంట్లో ఒక ఊయల ఊగిందంటే చాలు, వంశం వంశం అనే అత్త పోరు ఆగుతుంది. ఇక తన కాపురం జోలికి ఎవరూ రారు. ఆమె ఆశంతా అదే. గబగబా కొమ్మలు వంచి కోసేసింది. ఒక్క మొగ్గ మిగల్చలేదు.

మగ్గం గుంటలో కూర్చున్న మొగుడు బలరామయ్య తల పైకెత్తలేదు.

“నువ్వూ రాకూడదా?” అంది వళ్ళి.

“పూలు పెట్టేకాడికి మొగోళ్ళు యాడన్నా వస్తారా? ఆడోళ్ళు పోయి రాండి,” అన్నాడు పోగుల మధ్య నాడె విసురుతూనే. నిజమే, పిల్లవాడి తరఫున ఆడవాళ్ళే పోవడం వాళ్ళ ఆచారం. పిల్ల తలలో ఒకసారి పూలు పెట్టేశారంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. తప్పినవాళ్ళకు కులంలో నిప్పూ నీళ్ళూ పుట్టవు.

రైల్లో కాట్పాడి దాకా, అక్కడి నుంచి జట్కాలో రాయవేలూరు దాటి తొరపాడి దాకా, ఒళ్ళో అరిటాకు పరుచుకుని వళ్ళి పూలు కడుతూనే ఉంది. బండి కుదుపుకు ఒక మొగ్గ జారితే, వంగి వెతికి మరీ ఏరుకుంది.

పిల్లవారింట్లో చాప పరిచారు. గోడ మీద ఇంగ్లండు కొత్త చక్రవర్తి, మహారాణి పటం. దాని కింద పెళ్ళికూతురు కమలాక్షి, పదహారేళ్ళది, తల వంచుకుని కూర్చుంది. పిల్ల తల్లి ముత్తమ్మ ఎదురొచ్చి వళ్ళి చేతులు రెండూ పట్టుకుంది.

“ఏమ్మా, మనసారానే వచ్చినావా? ఎవురి బలవంతమూ లేదు గదా?”

ఇదెక్కడి ప్రశ్న అని వళ్ళికి నవ్వొచ్చింది. “బలవంతమేందమ్మా? మా చెట్టుకు ఆఖరి పూలు ఇవి. ఎవురడిగినా ఇచ్చేదాన్ని కాదు. మీ బిడ్డకని కోసుకోని వచ్చినా.”

“రేపు ఒకే పొయ్యికాడ నీకూ దీనికీ పోట్లాటొస్తే?”

“చెల్లెలితో పోట్లాడతానా? నాకు బిడ్డల్లేరు. దీనికి పుట్టినోళ్ళను నేనే ఎత్తుకోని సాకుతా. కండిప్పుగా, ఒట్టు!”

ముత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఇట్లాంటి మనసు ఏ ఆడదానికుంటాది తల్లీ! మా భయమంతా పోయింది.”

“మాటలు చాల్లేమ్మా. మంచి గడియ దాటిపోతా ఉండాది,” అని వరదమ్మ అడ్డం పడింది.

వళ్ళి పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. కట్టిన మూరెడు దండా జడ మొదట్లో చుట్టింది. ఇల్లంతా మల్లెల వాసన నిండింది. ఇంటి దగ్గర బోసిపోయిన చెట్టు గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది. పోనీలే, మట్టిలో రాలాల్సినవి ఒక పిల్ల తలకెక్కాయి అనుకుంది. పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, బొట్టు పెట్టి, “చల్లగా ఉండమ్మా,” అని దీవించింది. అమ్మలక్కలు అక్షింతలు చల్లారు.

అప్పటిదాకా అరుగు మీద కాచుకుని ఉన్న పిల్ల తండ్రి సుబ్బరాయులు, తాంబూలం పళ్ళెంతో లోపలికొచ్చాడు. వరదమ్మను దాటుకుని నేరుగా వళ్ళి ముందుకొచ్చి, పళ్ళెం దించి, రెండు చేతులూ జోడించాడు.

“పుణ్యాత్మురాలివమ్మా! మొదటి పెండ్లాము వచ్చి తన చేత్తో పూలు పెడితేనే మా బిడ్డను ఇస్తామని పది దినాలుగా ఒకే మాట మీద నిలబడితిమి. ఇంక సంకురాత్రి దాటినాక, తై నెలలోనే మీ ఆయనకూ మా కమలాక్షికీ పెండ్లి.”