ఎల్దో పిడికిలి

"సూది గుచ్చితే నా బలం అందులోంచి కారిపోదు కదా, డాక్టర్ సారే?" అన్నాడు ఎల్దో, చొక్కా చెయ్యి భుజం దాకా మడుస్తూ.

"కారితే గిన్నె పడతాలే. పడుకో," అన్నాడు డాక్టర్ తరకన్.

గుమ్మంలో నిలబడ్డ పైలి ఆశాన్‌కి ఒళ్లు మండింది. ఆశాన్ తాడులాగుడు జట్టుకి గురువు. ఎల్దో ఆ జట్టులో చిట్టచివర నిలబడి, తాడు ఒంటికి చుట్టుకునే మనిషి. వాడు పట్టిన తాడు వాడంతట వాడు వదలాలే తప్ప ఎవడూ వదిలించలేడని మా ఏలకుల కొండల్లో పేరు. పోయిన ఓణం పోటీలో గెలిచి తాడుతో సహా ఇంటికి పోయాడు. అవతలి చివర పట్టుకున్న ఇద్దరు ప్రత్యర్థులు కూడా తాడు వెంటే ఈడ్చుకుంటూ పోయి, ఎల్దో ఇంట్లో కర్రపెండలం, చేపల కూర తినే తిరిగొచ్చారు.

దాంతో అవతలి కొండ జట్టు ఫిర్యాదు పెట్టింది. ఎల్దో చేతుల్లో ఇంజక్షనో, జిగురో, ఏదో మోసం ఉందంది. వాడి చేతులు మామూలువేనని నరాల డాక్టరు రాసిస్తేనే ఆదివారం ఫైనల్లో తాడు ముట్టుకోనిస్తామన్నారు పోటీ పెట్టేవాళ్లు. అందుకే ఈ సూది, ఈ మిషనూ.

"ఏంటి సారే ఈ గది, ఐస్‌క్రీం బండిలోకి ఎక్కించినట్టుంది?"

"మిషన్‌కి ఉక్కపోయకూడదు. నీకు చలేసినా ఫరవాలేదు," అన్నాడు తరకన్. బక్కపలచటి మనిషి. మా కొండల్లో మెడకి టై కట్టుకునేది ఆయనా, ఎల్‌కేజీ పిల్లలూ.

ముంజేతి కండలోకి సూది దిగింది. కండలో పుట్టే కరెంటుని స్పీకర్లో వినిపించే మిషన్ అది. ఎల్దో కదలకుండా ఉన్నంతసేపూ అదీ నోరు మూసుకుంది.

"పిడికిలి గట్టిగా బిగించు."

స్పీకర్లో రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డాయి.

"బాగుంది. ఇక వదులు."

మిషన్ ఆగలేదు. బుల్లెట్ బండి ఘాట్ ఎక్కుతున్నట్టు డుర్ర్ర్‌మని లేచింది, దిగింది, మళ్లీ లేచింది. బయట కిటికీకి చెవులు అతికించుకున్న జట్టు మొత్తం ఈలలేసింది.

"విన్నార్రా! మనోడి చేతిలో ఇంజనుంది!"

ఎవడో టపాకాయ కూడా కాల్చాడు.

"వదలమన్నాను," అన్నాడు డాక్టరు.

"నాకు బుద్ధి పుట్టినప్పుడు వదుల్తా సారే. అదే నా గొప్ప."

కాసేపటికి ఎల్దో వేళ్లు, ముసలమ్మలు బస్సు దిగినట్టు, ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

డాక్టరు సూది తీసేశాడు. "మామూలు కండ వదలమంటే ఊరుకుంటుంది. నీది వదలమన్నా అరుస్తూనే ఉంది. బిగిసింది వెంటనే సడలట్లేదు. చలిలో ఇంకా మొండికేస్తుంది. ఇది బలం కాదయ్యా, జబ్బు. మందుంది. వాడితే చెయ్యి తేలిగ్గా తెరుచుకుంటుంది."

ఎల్దో పగలబడి నవ్వాడు. "విన్నావా ఆశానే? తాడు లాగేవాడికి చెయ్యి తెరుచుకునే మందంట! రేపు ఈతగాడికి మునిగిపోయే మందు కూడా ఇస్తాడు."

"ఆయనకేం తెలుసురా తాడు సంగతి?" అన్నాడు ఆశాన్. "పుట్టి బుద్ధెరిగాక ఆయన లాగింది ఆ టై ఒక్కటే."

"తాడు జారినప్పుడు వదలాలి. వదల్లేకపోతే దాంతోపాటే నీ వేళ్లూ పోతాయి," అన్నాడు తరకన్. "మామూలు చేతులని నేను రాయను."

నవ్వు ఆగిపోయింది. ఎల్దో బల్ల దిగాడు.

"ఊరంతా నా ఫోటో పెట్టి ఫ్లెక్సీలు కట్టారు సారే. ఆదివారం నేను లాగకపోతే ఇక్కడ తలెత్తుకు తిరగలేను."

"తల దించుకునే తిరుగు. వేళ్లైనా మిగుల్తాయి."

ఎల్దో చెయ్యి చాచి డాక్టరు టై ముడికింద ఒడిసి పట్టుకున్నాడు.

"రాస్తావా, లేదా? పిడికిలి నాది. పట్టాలంటే పడతా, వదలాలంటే వదుల్తా. నువ్వు రాయి, వదిలి చూపిస్తా. రాసేదాకా మాత్రం వదల్ను!"

డాక్టరు మొహం టమాటా రంగుకొచ్చింది. వంకాయ రంగుకి తిరిగేలోపు గబగబా రాసి సంతకం పెట్టాడు. ఆశాన్ కాగితం లాక్కుని కిటికీలోంచి వినపడేలా చదివాడు.

"ఎల్దో రెండు చేతులూ మామూలుగానే పనిచేస్తున్నాయి!"

బయట చెండ వాయిద్యం మొదలైంది.

"రాశాడుగా, ఇక వదిలెయ్‌రా," అన్నాడు ఆశాన్, కాగితం జేబులో పెట్టుకుంటూ.

ఎల్దో కదల్లేదు.

"చాల్రా బాబూ, ఆయన కళ్లు బయటికొస్తున్నాయి. వదులు!"

ఎల్దో తన పిడికిలికేసి, ఎవరిదో తెచ్చి తనకి తగిలించినట్టు చూశాడు. రెండో చేత్తో ఒక వేలు లేపబోయాడు. లేవలేదు. ఆశాన్ వాడి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. డాక్టరు కూడా వచ్చాడు. గోల విని లోపలికి పరిగెత్తుకొచ్చిన జట్టు, అలవాటు కొద్దీ, ఆశాన్ వెనక వరసగా నిలబడి మడమలు నేలకి తన్నిపెట్టింది.

"సారే," అన్నాడు ఎల్దో, పొద్దుట్నుంచి మొదటిసారి మర్యాదగా, "పెన్ను మీ చేతిలోనే ఉంది కదా... ఆ తెరుచుకునే మందేదో కూడా కాస్త రాసేస్తారా?"